వార్డులో జరిగింది నేరమా, పొరపాటా: నర్సింగ్ విద్యార్థులు తేల్చుకోవడం ఎలా

నర్సింగ్‌లో చట్టాల చాప్టర్‌ని చాలామంది పరీక్ష ముందురోజు రాత్రే తెరుస్తారు. ఫెలనీ, మిస్‌డిమీనర్, టార్ట్ (పరిహారం అడగదగ్గ సివిల్ తప్పు), అసాల్ట్, బ్యాటరీ అని ఓ ఐదు నిర్వచనాలు బట్టీ పట్టి, పేపర్ మీద దించేసి వస్తారు. మార్కులు పడతాయి. కానీ రేపు మీ వార్డులో ఒక ఇంజెక్షన్ తారుమారై, పేషెంట్ బంధువులు పోలీస్ స్టేషన్‌కి వెళ్తే, అక్కడ రాసే ఎఫ్‌ఐఆర్‌లో ఫెలనీ అన్న మాటే కనిపించదు. ఆ వర్గీకరణ అమెరికాది. మన చట్టం నేరాలను వేరే లెక్కన విడదీస్తుంది. ఆ లెక్క తెలియక, తప్పు చేయని నర్సులు కూడా భయంతో చేయకూడని పనులు చేస్తుంటారు. రాత్రికి రాత్రి కేస్ షీట్ తిరగరాయడం అందులో మొదటిది. జరిగింది పొరపాటే అయినా, అలా తిరగరాసినందుకే అది నేరంగా మారుతుంది. ఈ చాప్టర్‌లో మిగతావన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి.

పరీక్షలో ఇచ్చిన కేసైనా, వార్డులో కళ్లముందు జరిగిందైనా, కింద చెప్పిన వరుసలో ప్రశ్నలు వేసుకుంటూ వెళ్లండి. వరుస ముఖ్యం. ముందే సెక్షన్ నంబర్ వెతికితే దారి తప్పుతారు.

మొదట తేదీ చూడండి

సంఘటన 2024 జులై 1కి ముందు జరిగిందా, తర్వాత జరిగిందా? ముందైతే 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ వర్తిస్తుంది. ఆ రోజు నుంచి జరిగినవాటికి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్. పాత కోడ్‌లో 511 సెక్షన్లు ఉండేవి, కొత్తదాంట్లో 358. నంబర్లన్నీ మారిపోయాయి. అరెస్టు, బెయిల్, దర్యాప్తు లాంటి విధానాలకు సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్యాలకు భారతీయ సాక్ష్య అధినియమం వచ్చాయి.

లైబ్రరీలో ఉన్న పాత ఎడిషన్లలో 304ఏ అని ఉంటుంది. నిర్లక్ష్యం వల్ల మరణానికి ఇప్పుడు చూడాల్సింది సెక్షన్ 106. పరీక్షలో రెండు నంబర్లూ రాస్తే మంచిది, ఎందుకంటే పాత కేసుల విచారణలు ఇంకా పాత సెక్షన్ల కిందే నడుస్తున్నాయి.

అమెరికా నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్‌కి చదివేవాళ్లు మాత్రం ఫెలనీ, మిస్‌డిమీనర్ తేడాను విడిగా నేర్చుకోండి. అక్కడ సాధారణంగా ఏడాదికి మించి జైలు పడే నేరం ఫెలనీ, అంతకు లోపుది మిస్‌డిమీనర్. ఆ నోట్సునీ ఈ నోట్సునీ కలపకండి.

తర్వాత, విషయం ఎక్కడికి వెళ్తుందో తేల్చండి

ఒకే సంఘటన మూడు చోట్లకి వెళ్లొచ్చు. నష్టపరిహారం అడిగితే వినియోగదారుల కమిషన్ లేదా సివిల్ కోర్టు. రిజిస్ట్రేషన్ మీద చర్య కోరితే నర్సింగ్ కౌన్సిల్. శిక్ష కోరితే పోలీసులు, క్రిమినల్ కోర్టు. మూడూ ఒకేసారి నడవొచ్చు కూడా. ఒకచోట బయటపడినంత మాత్రాన మిగతా రెండూ ఆగిపోవు.

సివిల్ కేసు ఎలా ఉంటుందో తెలియాలంటే స్ప్రింగ్ మెడోస్ హాస్పిటల్ కేసు చదవండి. టైఫాయిడ్‌తో చేరిన పిల్లాడికి డాక్టర్ రాసిన మందు క్లోరాంఫెనికాల్. నర్సు తండ్రితో తెప్పించింది లారియాగో, అంటే మలేరియాకి వాడే క్లోరోక్విన్. అదే ఐవీలో ఎక్కించింది. పిల్లాడు తండ్రి కళ్లముందే కుప్పకూలాడు. గుండె ఆగింది, మెదడు శాశ్వతంగా దెబ్బతింది. పిల్లాడికి 12.5 లక్షలు, తల్లిదండ్రుల మానసిక వేదనకు 5 లక్షలు ఇవ్వాలన్న జాతీయ వినియోగదారుల కమిషన్ ఆదేశాన్ని 1998లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇక్కడ తేలింది పరిహారం. నర్సు పొరపాటుకు ఆసుపత్రి డబ్బు కట్టాల్సి వచ్చింది. క్రిమినల్ కేసులో అలా కుదరదు. జైలు శిక్ష పడితే మన బదులు యాజమాన్యం వెళ్లి కూర్చోదు. సివిల్ బాధ్యతకీ క్రిమినల్ బాధ్యతకీ తేడా రాయమన్నప్పుడు ఈ ఒక్క పాయింటూ వివరంగా రాయండి, మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

మూడో ప్రశ్న: ఆ క్షణంలో మనసులో ఏముంది

చాప్టర్ మొత్తానికి ప్రాణం ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. నేరానికి మామూలుగా రెండు కావాలి: చేసిన పని, ఆ పని వెనకున్న మనసు. చేయాల్సింది చేయకపోవడం కూడా పని కిందికే వస్తుంది. ఆక్సిజన్ పడిపోతుంటే చూస్తూ ఊరుకోవడం కూడా చట్టం దృష్టిలో ఒక పనే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్. 10 ఎంఎల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు. ట్రేలో డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ పక్కన పెడితే, లేబుల్ చదవకుండా రెండింటికీ తేడా చెప్పడం కష్టం. రెండూ రంగులేని ద్రవాలే. సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాల్సిన ఈ మందుని నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. పేషెంట్ చనిపోయాడనుకోండి. చెయ్యి అదే, మందు అదే, మరణం అదే. కానీ నాలుగు వేర్వేరు కథలు ఉండొచ్చు.

ఒకటి: ఆస్తి గొడవలో బంధువు ఇచ్చిన డబ్బు తీసుకుని, చంపాలనే ఇచ్చింది. అది హత్య. నిర్వచనం 101లో, శిక్ష 103లో ఉంటుంది: మరణశిక్ష లేదా యావజ్జీవం.

రెండు: చంపాలని లేదు. కానీ ఇది పొటాషియం అని తెలుసు, నేరుగా తోస్తే ప్రాణం పోవచ్చని తెలుసు. "డ్యూటీ దిగే టైమైంది, డ్రిప్‌లో కలిపి కూర్చుంటే గంట పడుతుంది, ఏం కాదులే" అని తోసేసింది. ఉద్దేశం లేకపోయినా తెలివిడి ఉంది. ఇది హత్య కాని నేరపూరిత నరహత్య, అంటే సెక్షన్ 105 దాకా వెళ్లే ప్రమాదం ఉంది. తెలిసి చేసింది, కానీ ఉద్దేశం లేదు అని తేలితే అందులో 10 ఏళ్ల వరకు జైలు.

మూడు: ఫ్లష్ కోసం, అంటే ఐవీ గొట్టం కడగడానికి, నీళ్ల ఆంప్యూల్ అనుకుని తీసింది. లేబుల్ చదవలేదు. చదివి ఉంటే ఇచ్చేది కాదు. ఇక్కడ ఉద్దేశమూ లేదు, తెలివిడీ లేదు, ఉన్నది నిర్లక్ష్యం. సెక్షన్ 106(1).

నాలుగు: లేబుల్ మూడుసార్లు చదివింది, పక్క సిస్టర్ చేత చూపించింది, గడువు తేదీ చూసింది. ఆంప్యూల్ మీద డిస్టిల్డ్ వాటర్ అనే ఉంది. తయారీలోనే లేబుల్ తప్పు పడింది. ఇది నర్సు నేరమే కాదు. చట్టబద్ధమైన పనిని తగిన జాగ్రత్తతో చేస్తుండగా జరిగిన ప్రమాదానికి సెక్షన్ 18 రక్షణ ఇస్తుంది.

పరీక్షలో 'క్రిమినల్ లయబిలిటీ అంటే ఏమిటి' అని అడిగితే నిర్వచనం తర్వాత ఈ నాలుగు కథలూ రాయండి. విషయం అర్థమైనవాళ్లు రాసే జవాబు అలా ఉంటుంది.

నాలుగో ప్రశ్న: ఆ నిర్లక్ష్యం ఎంతటిది

ప్రతి నిర్లక్ష్యమూ నేరం కాదు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. కథ 1995 నాటిది, లుధియానా ఆసుపత్రిలోది. ఊపిరాడని పేషెంట్‌కి పెట్టిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీగా ఉందని ఫిర్యాదు. కొడుకు పక్కగదికి పరుగెత్తి ఇంకో సిలిండర్ తెచ్చాడు, దాన్ని బిగించే ఏర్పాటు లేదు, విలువైన నిమిషాలు పోయాయి, పేషెంట్ చనిపోయాడు. డాక్టర్ మీద పెట్టిన క్రిమినల్ కేసుని కోర్టు కొట్టేసింది. సిలిండర్ సిద్ధంగా ఉంచకపోవడానికి ఆసుపత్రి సివిల్‌గా బాధ్యత వహించాల్సి రావొచ్చు గానీ, డాక్టర్‌ని నేరస్తుడిగా నిలబెట్టడం కుదరదంది. నేరం అనాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలి, మామూలు జాగ్రత్త ఉన్న తోటి వృత్తివాళ్లు ఎవరూ చేయనంతటిదై ఉండాలి అని చెప్పింది. అదే రంగంలోని స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోకుండా కేసు ముందుకు నడపొద్దని, ఆరోపణ రాగానే యాంత్రికంగా అరెస్టు చేయొద్దని కూడా చెప్పింది. తీర్పు డాక్టర్ల గురించి మాట్లాడినా, నర్సు తరఫు న్యాయవాది కూడా ముందుగా పట్టుకునేది దీన్నే.

ఇప్పుడు మీరు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది, చాలా గైడ్లలో ఇది ఉండదు. పాత 304ఏ కింద గరిష్ఠ శిక్ష 2 ఏళ్లు. కొత్త 106(1)లో అది 5 ఏళ్లకు పెరిగింది. వైద్య ప్రక్రియ చేస్తుండగా మరణం జరిగితే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్‌కి మాత్రం 2 ఏళ్ల పరిమితి ఉంచారు. మరి ఆ మాటకు అర్థం ఏమిటో సెక్షన్ కిందే వివరించారు: నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం గుర్తించిన అర్హత ఉండి, మెడికల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లు. నర్సుల పేర్లు ఉండేది నర్సింగ్ రిజిస్టర్‌లో. కాబట్టి అక్షరాలా చదివితే ఒకే ఆపరేషన్ టేబుల్ దగ్గర ఒకే తరహా నిర్లక్ష్యానికి డాక్టర్‌కి 2 ఏళ్లు, నర్సుకి 5 ఏళ్లు గరిష్ఠ శిక్ష. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. డాక్టర్ చేతికి ఇచ్చిన రక్షణ, ఆయన ఆర్డర్ అమలు చేసే చేతికి లేకపోవడానికి న్యాయమైన కారణం కనిపించదు. నర్సుల సంఘాలు దీన్ని సవరించమని అడగాలి. సవరించేదాకా మాత్రం మీ రాతలే మీకు రక్షణ.

ప్రాణం పోకుండా దెబ్బ తగిలితే సెక్షన్ 125. ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యం ఉంటే చాలు, 3 నెలల వరకు జైలు లేదా 2,500 జరిమానా, లేదా రెండూ. గాయమైతే 6 నెలలు, తీవ్ర గాయమైతే 3 ఏళ్ల వరకు. వేడినీళ్ల సంచి పెట్టి మర్చిపోతే స్పర్శ లేని పేషెంట్ కాలు కాలడం, సైడ్ రెయిల్స్ ఎత్తకపోతే మత్తులో ఉన్న పేషెంట్ పడి తుంటి విరగడం లాంటివి ఇక్కడికి రావొచ్చు.

విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం ఒక కేసు. 2017లో అమెరికాలోని టెన్నెసీలో, నాష్‌విల్ ఆసుపత్రిలో రాడోండా వాట్ అనే నర్సు వర్సెడ్ అనే మత్తుమందు బదులు వెక్యురోనియం ఇచ్చింది. మందుల యంత్రంలో మొదటి రెండు అక్షరాలు కొట్టి, వచ్చినదాన్ని ఓవర్‌రైడ్ చేసి తీసింది. వర్సెడ్ ద్రవం, వెక్యురోనియం పొడి. పొడిని కలిపేటప్పుడైనా అనుమానం రావాలి. మూత మీద కండరాలను స్తంభింపజేసే మందు అన్న హెచ్చరిక కూడా ఉంది. 75 ఏళ్ల పేషెంట్ చనిపోయింది. నర్సు తన పొరపాటును వెంటనే ఒప్పుకుంది. అయినా 2022 మార్చిలో జ్యూరీ ఆమెను నేరస్తురాలిగా తేల్చింది, మేలో 3 ఏళ్ల ప్రొబేషన్ పడింది. అనుమానం రావాల్సిన చోట్ల ఆగకపోవడం అన్న పాయింటే ప్రాసిక్యూషన్‌కి బలమైంది.

ఐదో ప్రశ్న: ఎవరికి, దేనికి హాని జరిగింది

బీఎన్‌ఎస్ నేరాలను అధ్యాయాలుగా విడదీసింది ఈ ప్రశ్న మీదే. వార్డుకి పనికొచ్చే వరకు చెప్తాను.

శరీరానికి హాని గురించి పైన చూశాం. దానికి రెండు కలుపుకోండి. ఒప్పుకోని పేషెంట్‌ని పట్టుకుని బలవంతంగా ఇంజెక్షన్ చేస్తే, మన చట్టంలో అది నేరపూరిత బలప్రయోగం. పుస్తకాల్లో కనిపించే బ్యాటరీ పేరుతో బీఎన్‌ఎస్‌లో విడి నేరం లేదు. కొడతానని చెయ్యెత్తి భయపెట్టినా అసాల్ట్ కిందికి వస్తుంది, తగలాల్సిన పనిలేదు. ఇక బిల్లు కట్టలేదని పేషెంట్‌ని గదిలోంచి కదలనివ్వకపోతే సెక్షన్ 127, అక్రమ నిర్బంధం. యాజమాన్యం చెప్పిందని తలుపు దగ్గర కాపలా కాసే నర్సు కూడా ఇందులో ఇరుక్కుంటుంది.

ఆస్తి నేరాల్లో తేడా తెలుసుకోవడానికి పుస్తెలతాడు ఉదాహరణ సరిపోతుంది. ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లే ముందు పేషెంట్ తన పుస్తెలతాడు తీసి "దాచమ్మా" అని మీ చేతికి ఇచ్చింది. మీరు దాన్ని సొంతానికి వాడుకుంటే సెక్షన్ 316, నమ్మకద్రోహం. ఇవ్వకుండానే ఆమె దిండు కింద నుంచి తీస్తే సెక్షన్ 303, దొంగతనం. దొంగతనానికి 3 ఏళ్ల వరకు, నమ్మకద్రోహానికి 5 ఏళ్ల వరకు. నమ్మి ఇచ్చిందాన్ని కాజేయడం చట్టానికి ఎక్కువ పాపం. ఉద్యోగి హోదాలో అప్పగించిన సొత్తయితే 7 ఏళ్ల వరకు, ప్రభుత్వ ఉద్యోగి అయితే యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. అందుకే నగలు తీసుకునేటప్పుడు బంధువు సంతకం, సాక్షి సంతకం పెట్టించండి. రిజిస్టర్‌లో 'బంగారు గొలుసు' అని రాయకండి, 'పసుపు రంగు లోహపు గొలుసు' అని రాయండి. అది బంగారమో కాదో తేల్చడం మన పని కాదు. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటివి మాయమైతే మత్తుమందుల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కూడా తోడవుతుంది. వాడగా మిగిలిన మందు పారబోసేటప్పుడు సాక్షి ముందు పారబోసి రిజిస్టర్‌లో రాయాలనేది ఇందుకే.

రహస్యం, గౌరవం. ఇప్పటి పిల్లలకు ఇది గట్టిగా చెప్పాలి. లేబర్ రూమ్‌లోనో ఐసీయూలోనో రీల్ తీస్తున్నారు, వెనక పేషెంట్ కనిపిస్తుంటుంది. అనుమతి లేకుండా ఒకరి ఒంటిని ఆ స్థితిలో చిత్రీకరిస్తే ఐటీ చట్టం సెక్షన్ 66ఈ కింద 3 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. స్త్రీని అలాంటి ఏకాంతంలో చిత్రీకరిస్తే బీఎన్‌ఎస్ 77 కూడా ఉంది. అత్యాచార బాధితురాలి పేరు బయటపెడితే సెక్షన్ 72, 2 ఏళ్ల వరకు. వాట్సాప్ స్టేటస్ కూడా బయటపెట్టడమే.

పిల్లలు, స్త్రీల విషయంలో ప్రత్యేక చట్టాలు చూడాలి. 16 ఏళ్ల అమ్మాయి గర్భంతో ఓపీకి వచ్చిందనుకోండి. పెళ్లయిందని తల్లి చెప్పినా సరే, 18 నిండనివాళ్ల విషయంలో, పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు సమాచారం ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే సెక్షన్ 21 కింద 6 నెలల వరకు జైలు లేదా జరిమానా. పాపం కుటుంబం పరువు అని దాచిన నర్సు నేరం చేసినట్టే. గర్భస్రావం కోసం వచ్చినప్పుడు అమ్మాయి, సంరక్షకులు కోరితే ఆ సమాచారంలో పేరు చెప్పనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు డాక్టర్లకు వెసులుబాటు ఇచ్చింది, అంతవరకే. స్కానింగ్ గదిలో పనిచేస్తే పీసీపీఎన్‌డీటీ చట్టం గుర్తుంచుకోండి. కడుపులో ఉన్నది ఆడో మగో మాటతో చెప్పినా, సైగతో చెప్పినా నేరమే. డాక్టర్‌కే కాదు, అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకూ 3 ఏళ్ల వరకు.

ప్రజారోగ్యం కింద బీఎన్‌ఎస్ సెక్షన్ 271 ఒక్కటి గుర్తుంటే చాలు: ప్రాణాంతక వ్యాధి వ్యాపించేలా నిర్లక్ష్యంగా ప్రవర్తించడం. వాడిన సూది ఇంకొకరికి వాడితే ఇక్కడికి వస్తారు.

హోమ్ నర్సింగ్‌కి వెళ్లేవాళ్లు బీఎన్‌ఎస్‌లో చివరి నుంచి రెండో సెక్షన్ చూడండి, 357. లేవలేని మనిషిని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని, కావాలని వదిలేసి వెళ్తే 3 నెలల వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా.

ఆరో ప్రశ్న: ఆ నేరం తీవ్రత ఎంత

ఇక్కడ మూడు జంటలు నేర్చుకోవాలి. వారెంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగితే కాగ్నిజబుల్, మేజిస్ట్రేట్ అనుమతి కావాలంటే నాన్‌కాగ్నిజబుల్. బెయిల్ హక్కుగా దొరికితే బెయిలబుల్, కోర్టు విచక్షణ మీద ఆధారపడితే నాన్‌బెయిలబుల్. ఇరుపక్షాలు రాజీపడి కేసు ముగించుకోగలిగితే కాంపౌండబుల్, లేకపోతే కాదు. ప్రతి నేరానికీ ఇవి నాగరిక సురక్షా సంహిత మొదటి షెడ్యూల్‌లోనూ, రాజీ సంగతి సెక్షన్ 359లోనూ ఉంటాయి.

వాటిని మనం చూసిన కేసులకు అన్వయిస్తే: 106(1) కాగ్నిజబుల్, బెయిలబుల్, రాజీకి వీల్లేదు. బంధువులతో డబ్బు మాట్లాడుకుంటే కేసు పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. 125 కింద గాయం కేసుల్లో రాజీకి వీలుంది. పీసీపీఎన్‌డీటీ నేరాలు కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్, రాజీ లేదు. బలవంతపు ఇంజెక్షన్ లాంటి చిన్న బలప్రయోగం నాన్‌కాగ్నిజబుల్.

మినహాయింపులు, ఎవరి బాధ్యత ఎంత

బీఎన్‌ఎస్ సెక్షన్ 14 నుంచి 44 వరకు సాధారణ మినహాయింపులు. స్పృహలేని పేషెంట్ తరఫున సమ్మతి చెప్పేవాళ్లు లేనప్పుడు ప్రాణం కాపాడటానికి సద్భావంతో చేసిన పనికి సెక్షన్ 30 రక్షణ. సమ్మతితో, మేలు కోసం చేసిన పనికి సెక్షన్ 26. అయితే సద్భావం అంటే మంచి మనసు ఉంటే చాలదు, తగిన జాగ్రత్త కూడా ఉండాలని చట్టమే చెప్తుంది.

ఆ జాబితాలో రెండు మాటలు లేవు, గమనించండి. 'డాక్టర్ చెప్పారు' లేదు. 'నేను విద్యార్థిని' లేదు. పదింతల డోసు రాసిన ఆర్డర్‌ని కళ్లు మూసుకుని అమలు చేస్తే రాసినవాళ్లతోపాటు ఇచ్చినవాళ్లూ జవాబు చెప్పాలి. అనుమానం వచ్చిన ఆర్డర్‌ని ఇలా అడగండి: "సార్, పిల్లాడి బరువు 12 కేజీలు, ఈ డోసు ఎక్కువ అనిపిస్తోంది, ఒకసారి చూస్తారా?" తర్వాత నోట్స్‌లో ఎవరిని, ఎన్ని గంటలకు అడిగారో, ఆయన ఏమన్నారో రాయండి. ఫోన్‌లో చెప్పిన ఆర్డర్‌ని తిరిగి చదివి వినిపించి, రాసుకుని, వీలైనంత త్వరగా సంతకం చేయించండి. రాని పని చేయమని స్టాఫ్ సిస్టర్ పంపితే "మేడమ్, నేను ఇది ఇంతకుముందు ఒంటరిగా చేయలేదు, పక్కనుండండి" అని చెప్పండి. అలా చెప్పడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నిజంగా జరిగిపోతే ఏం చేయాలి

ముందు పేషెంట్. డ్యూటీ డాక్టర్‌ని పిలవండి, ఏం ఇచ్చారో ఏ మొహమాటమూ లేకుండా చెప్పండి. పొటాషియం వెళ్లిందని తెలిస్తే దానికి విరుగుడు ఉంది, దాచిపెడితే ఆ అవకాశం పోతుంది. ఆ రెండు నిమిషాల్లో మీరు చెప్పిన నిజం పేషెంట్‌నీ కాపాడుతుంది, మీ మనసులో దురుద్దేశం లేదని కూడా చూపిస్తుంది.

ఖాళీ ఆంప్యూల్, సిరంజి, డ్రిప్ బాటిల్ పారేయకండి. కవర్లో వేసి, టైమ్ రాసి, ఇన్‌చార్జ్ సిస్టర్‌కి అప్పగించండి.

తర్వాత రాయండి. ఎన్ని గంటలకు ఏం ఇచ్చారు, పేషెంట్‌లో ఏ మార్పు చూశారు, బీపీ, పల్స్ ఎంత, ఎవరిని పిలిచారు, ఎప్పుడు వచ్చారు. 'పొరపాటున', 'దురదృష్టవశాత్తూ', 'నా తప్పు లేదు' లాంటి మాటలొద్దు, చూసింది చేసింది మాత్రమే. రాసిందాంట్లో తప్పుంటే ఒక గీత కొట్టి, కింది రాత కనబడేలా ఉంచి, పక్కన తేదీ, టైమ్, సంతకం పెట్టండి. మర్చిపోయింది తర్వాత రాయాల్సి వస్తే 'ఆలస్యంగా నమోదు' అని పైన రాసి, రాస్తున్న అసలు సమయమే వేయండి.

పేజీ చింపడం, వైట్‌నర్ పూయడం, వెనక టైమ్ వేసి కొత్త షీట్ రాయడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. నిర్లక్ష్యం కేసులో మీ ఉద్దేశం ప్రశ్న కాదు. కేస్ షీట్ మార్చిన క్షణం నుంచి ఉద్దేశమే ప్రశ్న. సాక్ష్యం మాయం చేయడం 238, తప్పుడు సాక్ష్యం సృష్టించడం 228, సాక్ష్యంగా చూపాల్సిన పత్రాన్ని నాశనం చేయడం 241, ఫోర్జరీ 336, ఇవన్నీ వరుసగా వచ్చి పడతాయి. 106 కింద మిమ్మల్ని కాపాడగలిగే జాకబ్ మాథ్యూ తీర్పు వీటి ముందు పనిచేయదు.

పోలీసుల వరకు వెళ్తే మీ హక్కులు ఇవి. 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కి ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపొచ్చు, 106(1) ఆ పరిధిలోకే వస్తుంది. అరెస్టు అవసరం లేదనుకుంటే నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద నోటీసు ఇస్తారు, దానికి హాజరవ్వాలి, తప్పించుకోకూడదు. సాక్షిగా పిలిచినప్పుడు మహిళను ఆమె నివాసం తప్ప వేరే చోటికి రమ్మని ఒత్తిడి చేయకూడదు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద మీ సంతకం అడగకూడదు. మిమ్మల్ని మీరే నేరంలో ఇరికించుకునే జవాబు చెప్పక్కర్లేదు. అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. చేసినా 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి.

బంధువులు ఆవేశంలో చెయ్యి చేసుకుంటే అది వేరే కేసు. 2008లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం వైద్య సిబ్బంది మీద దాడికి 3 ఏళ్ల వరకు జైలు, నేరం కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్. ఆ ఫిర్యాదు మీరు ఇవ్వొచ్చు, దీనికీ మీ మీద ఉన్న కేసుకీ ముడిపెట్టి రాజీ మాట్లాడేవాళ్లను దూరం పెట్టండి.

లాయర్‌కి డబ్బు లేదని ఆగకండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు. ఆసుపత్రి పెట్టే లాయర్ ఆసుపత్రి తరఫున మాట్లాడతారు. మీ తరఫున మాట్లాడేవాళ్లు విడిగా ఉండేలా చూసుకోండి.